అలసటను కొలిచిన మూడు మ్యాచ్‌లు

ఆ రోజుల్లో అలసట గురించి నాకు తెలియని సంగతి లేదు. పుస్తకంలో చదివినాను, పరీక్షలో రాసినాను, పదిహేను మార్కుల ప్రశ్నకు ఆరు పేజీలు రాసి చెయ్యి నొప్పి పుట్టి స్వయంగా అనుభవించినాను కూడా. వ్యాయామ విద్యలో పీజీ చేసే మనిషి ఉరకగలదని లోకం నమ్ముతుంది. లోకానికి చాలా విషయాలు తెలియవు. నేను ఎంట్రన్సులో షాట్‌పుట్ వేసి సీటు తెచ్చుకున్నదాన్ని. షాట్‌పుట్‌లో ఉన్న సుఖం ఏమంటే, గుండు పోతుంది, మనం పోనక్కర్లేదు. (మనస్ఫూర్తిగా నేను చివరిసారి ఉరికింది అనంతపురం బస్టాండులో కళ్యాణదుర్గం బస్సు కోసం. డ్రైవరు ఇంకా టీ తాగుతున్నాడని కనిపించినాక అదీ మానుకున్నాను.)

రెండో సంవత్సరంలో మా గైడ్ సార్ రోల్ నంబర్ల వరుసన ప్రాజెక్టులు పంచినారు. నా ముందున్న అమ్మాయికి క్యారమ్ బోర్డు ఆటలో వేలి కదలికలు వచ్చినాయి. నా వెనకున్న అబ్బాయికి చదరంగం, ఏకాగ్రత. నాకు మాత్రం ‘మ్యాచ్ అలసట వల్ల చిన్న వయసు ఫుట్‌బాల్ క్రీడాకారుల శారీరక సామర్థ్యంలో కలిగే మార్పు’. పద్ధతి చాలా సులభమని సార్ చెప్పినారు. మ్యాచ్ ముందు ఒక్కొక్కరినీ ముప్పై మీటర్లు ఉరికించి స్టాప్‌వాచ్‌తో కొలవాలి. గోడ పక్కన నిలబెట్టి, వేళ్ళకు చాక్‌పీసు పొడి పూసి, నిలబడి అందినంత ఎత్తులో ఒక గుర్తు, ఎగిరి అందినంత ఎత్తులో ఒక గుర్తు పెట్టించాలి. మ్యాచ్ అయినాక మళ్ళీ అదే. ముందుకూ తర్వాతకూ ఎంత తగ్గిందో అదే అలసట. “తగ్గడం ఖాయం కదమ్మా, ఎంత తగ్గిందో రాయడమే నీ పని,” అన్నారు సార్. ఇంత తేలిక పని దొరికినందుకు నేను ఆ పూట మెస్‌లో రెండోసారి పెరుగు వేయించుకున్నాను.

తేలికగా తీసుకోవడానికి వీల్లేని సంగతి ఇంకొకటి ఉండేది. మా ఊరికి దగ్గర్లోని ఒక బాలికల గురుకులంలో పీఈటీ కొలువు, కాంట్రాక్టు మీద, నాకు ఇస్తామన్నారు. జూన్‌లో బడి తెరిచేనాటికి కోర్సు పూర్తయిన కాగితం చేతిలో ఉండాలి. ప్రాజెక్టు ఒప్పుకోకపోతే కాగితం లేదు, ఇంకో ఏడాది ఆగాలి, ఆ కొలువు ఇంకొకరిది. అది నా ఒక్కదాని గుట్టుగా ఉన్నా సర్దుకునేదాన్ని. మా నాయన అప్పటికే చెప్పేసినాడు. చెప్పడం కూడా యాడ చెప్పినాడు, సబ్సిడీ వేరుశనగ విత్తనాల క్యూలో. అక్కడ చెప్పినాక ఇక మండలంలో వేరే చాటింపు అక్కర్లేదు. “మా పాప జూన్‌లో సార్ అయితాంది” అని చెప్పినాడట. (మేడమ్ అనాలని ఎవరో సరిచేస్తే, “అదే, సారే” అన్నాడట.)

కంబదూరులో మా చిన్నమ్మ ఇల్లుంది. అక్కడి హైస్కూల్లో డ్రిల్ సార్ మే నెలలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ శిబిరం పెట్టినాడని తెలిసి సంచీ సర్దుకొని పోయినాను. చుట్టుపక్కల పల్లెల పిల్లలు, పదమూడు పద్నాలుగేళ్ళవాళ్ళు. మెట్ట సేద్యం ఇళ్ళవాళ్ళు, గొర్రెలున్న ఇళ్ళవాళ్ళు. గ్రౌండంటే ఎర్ర మన్ను, గరుసు రాళ్ళు. పచ్చదనం కావాలంటే గోల్ కీపర్ గౌను చూసుకోవాలి. దూరంగా గుట్టల మీద గాలిమరలు, మమ్మల్ని చూసి జాలిపడినట్టు మెల్లగా తిరుగుతుండేవి. శిబిరంలో మూడు మ్యాచ్‌లు. ఎండ ముదరక ముందే, పొద్దున ఆరున్నరకు మొదలు. మూడోది వజ్రకరూరు జట్టుతో, దానికి కప్పు. అది అయిన వారానికి నా వైవా.

జట్టు కెప్టెన్‌ను అందరూ మేస్త్రి అని పిలిచేవాళ్ళు. తొమ్మిదో తరగతిలోకి పోబోతున్న పిల్ల. నడుం మీద చేతులు పెట్టుకొని, ఎవరు యాడ నిలబడాలో, ఎవరు బంతి ఎవరికియ్యాలో ఇల్లు కట్టించే మనిషి చెప్పినట్టు చెప్పేది. నన్ను చూసిన మొదటి రోజే అడిగింది.

“ఏమక్కా, మా ఎత్తులూ దూరాలూ కొలుస్తావంట, బట్టలు కుట్టిస్తావా?”

“కాదమ్మా. మీరు ఎంత అలిసిపోతారో కొలుస్తాను.”

“దానికి గడియారం ఏంటికి? మా అమ్మను అడిగితే చెప్తాది.”

మొదటి మ్యాచ్ పొద్దున, ముప్పై మీటర్లు టేపుతో కొలిచి రెండు గీతలు గీసినాను. స్టాప్‌వాచ్ పట్టుకునే మనిషి గమ్యం దగ్గర నిలబడాలి. గ్రౌండు మొత్తంలో నీడ ఒక్క వంటషెడ్డు పక్కనే ఉంది. కాబట్టి గమ్యం గీత సరిగ్గా అక్కడే గీసినాను. శాస్త్రానికి నీడ అడ్డం కాదని నా అభిప్రాయం. పదకొండు మందినీ ఉరికించినాను, ఎగిరించినాను, నోటు పుస్తకంలో రాసుకున్నాను. వాళ్ళు మ్యాచ్ ఆడినారు. గెలిచినారు. మళ్ళీ ఉరికించినాను. మళ్ళీ ఎగిరించినాను. రాసుకున్న అంకెలు చూసుకుంటే, మ్యాచ్ ముందుకన్నా మ్యాచ్ తర్వాతే అందరూ వేగంగా ఉరికినారు. ఒకరో ఇద్దరో కాదు, పదకొండు మందీ. గోడ మీద కూడా అంతే, రెండో విడత గుర్తులన్నీ మొదటివాటికన్నా పైనున్నాయి.

గైడ్ సార్‌కు ఫోన్ చేసినాను.

“స్టాప్‌వాచ్ సరిగ్గా పట్టుకున్నావా తల్లీ?”

“పట్టుకున్నాను సార్.”

“మ్యాచ్ ముందరివీ తర్వాతవీ తారుమారు రాసినావేమో.”

“లేదు సార్.”

“గంటన్నర ఆడితే మనిషికి బలం పెరుగుతుందని రాస్తే, మనిద్దరినీ కలిపి ఒకే ఆస్పత్రిలో వేస్తారు. ఇంకోసారి కొలువు.”

గాలి వల్లనేమో అనుకున్నాను. కంబదూరు గాలి సామాన్యమైంది కాదు, ఊరికే గాలిమరలు పెట్టరు. రెండో మ్యాచ్‌కు గీతలు తిరగేసి ఎదురుగాలిలో ఉరికిద్దామనుకున్నాను గానీ, అట్లా చేస్తే నేను ఎండలో నిలబడాల్సి వస్తుంది. ఆలోచించి, గాలి కాదులే అని తీర్మానించినాను. స్టాప్‌వాచ్ బ్యాటరీ మార్చినాను. చాక్‌పీసు కంపెనీ మార్చినాను. ఫలితం మాత్రం మారలేదు. రెండో మ్యాచ్‌లో మేస్త్రి అటూ ఇటూ ఎంత తిరిగిందో చూసి నాకే కళ్ళు తిరిగినాయి. అదే పిల్ల మ్యాచ్ అయినాక ముప్పై మీటర్లు కుక్క తరిమినట్టు ఉరికింది. ఉరికి, గీత దాటి, ఆగకుండా వంటషెడ్డులోకి పోయింది.

అప్పుడు చూసినాను. షెడ్డులో వంట అవ్వ బొరుగుల ఉగ్గాని బేసిను దించి, పక్కన మిరపకాయ బజ్జీల పళ్ళెం పెట్టుకొని కూర్చొని ఉంది. ముందొచ్చినవాళ్ళకు బజ్జీలు రెండు, వెనకొచ్చినవాళ్ళకు ఒకటి, చివరకొచ్చినవాళ్ళకు అవ్వ దీవెన. నా నీడ కోసం నేను గీసుకున్న గీత, ప్రపంచంలో ఎంత అలిసినవాళ్ళయినా ఉరికే ఒకే ఒక్క చోటికి దారి తీసింది.

సరే, తర్వాత ఎందుకు వేగంగా ఉరికినారో తెలిసింది. ముందు ఎందుకు నెమ్మదిగా ఉరికినారో తెలియలేదు. చేతిలో బజ్జీతో వచ్చిన మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకొని అడిగినాను.

“పొద్దున నేను గట్టిగా ఉరకమన్నాను కదా. నిజంగా ఉరికినావా నువ్వు?”

“లేదక్కా,” అన్నది, నమిలే పని ఆపకుండా. “ఎవురూ ఉరకల్యా. నేనే వద్దన్నా.”

“ఎందుకు?”

“మా బోరు గంటన్నర పోస్తాదక్కా. ఆ తర్వాత గాలే. మోటారు ఎయ్యంగానే నీళ్ళన్నీ మొదటి మడికి ఇడిసిపెడితే చివరి మడి ఎండిపోతాది. మ్యాచ్ కూడా గంటన్నరే కదా. ఉండే సత్తువంతా పొద్దున్నే నీ గోడకు పూసేస్తే, ఆటలో ఏం పెట్టాల?”

నేను రెండేళ్ళు చదివిన చదువులో ఆ ముక్క ఎక్కడా తగలలేదు. తగిలినా ఇంత తేటగా లేదు.

“మరి నాకు చెప్పొచ్చు కదా.”

“నువ్వు రాసుకుంటాండావు. రాసుకునేటప్పుడు మాట్లాడిస్తే మా లెక్కల సార్ కొడతాడు.”

ఇక దాపరికం లేకుండా ఆ పిల్లకు అంతా చెప్పినాను. ప్రాజెక్టు, వైవా, జూన్, కాగితం, మా నాయన నిలబడిన క్యూ. మిగిలింది ఒక్క మ్యాచే. ఆ మ్యాచ్‌కు ముందు వాళ్ళు ఉన్న సత్తువంతా పెట్టి ఉరికితేనే నా లెక్క నిలబడుతుంది. ఆ మ్యాచ్‌కే కప్పు కూడా. అడగకూడని సాయం అడుగుతున్నానని తెలిసే అడిగినాను. మేస్త్రి చెయ్యి కడుక్కొని జట్టును గుమిగూర్చింది. దూరం నుంచి పదకొండు తలలు నా వైపు తిరగడం, మళ్ళీ లోపలికి తిరగడం కనిపించింది. కాసేపటికి వచ్చింది.

“సరేక్కా. నీ కోసం గట్టిగానే ఉరుకుతాం. కానీ ఒకటి. నువ్వూ మా మాదిరే చెయ్యాల. పొద్దున మాతో ఉరకాల, ఎగరాల. మ్యాచ్‌కు లైన్ అంపైర్ లేడంట, డ్రిల్ సార్ ఎతుకుతాండాడు. నువ్వు ఆ గీత ఎంబడి బంతితో పాటు ఉరకాల, మేం ఆడినంతసేపూ. అయినాక మళ్ళీ మాతో ఉరకాల.”

“నేనా?”

“అలసట నీ సబ్జెక్టు కదక్కా,” అన్నది. వెనక ఎవరో కిసుక్కున నవ్వినారు.

మూడో మ్యాచ్ ముందురోజు సాయంత్రం అరుదైన సంగతి జరిగింది, వాన పడింది. వజ్రకరూరు పిల్లలు పొద్దున వ్యాన్ దిగడమే తలలు వంచుకొని దిగినారు. సిగ్గు అనుకున్నాను. “సిగ్గు కాదక్కా,” అన్నది మా గోల్ కీపర్, “వాన పడినాక వాళ్ళు యాడికి పోయినా నేలే చూస్తారు, రాయి దొరుకుతాదని.” (వాన వెలిసినాక వజ్రాలు వెతకడం ఆ ఊరి అలవాటు. మా గ్రౌండులో ఆ రోజు వాళ్ళకు ఒక సోడా మూత దొరికింది.)

గమ్యం గీతను ఈసారి ఎండలో, వంటషెడ్డుకు దూరంగా గీసినాను. పిల్లలు మాట నిలబెట్టుకున్నారు. ఎట్లా ఉరికినారంటే, గడియారం చూసి నాకే నమ్మకం కలగక రెండుసార్లు చూసుకున్నాను. గోడ మీద గుర్తులు పైనున్న సున్నం పట్టీ దాకా పోయినాయి. చివర నేనూ ఉరికినాను, ఎగిరినాను. మేస్త్రి స్టాప్‌వాచ్ పట్టుకొని, “పరవాల్యా అక్కా,” అన్నది, వైద్యుడు చెప్పే గొంతుతో.

డ్రిల్ సార్ రిఫరీ. మా బడి సార్ కాబట్టి మా పిల్లలకు మేలు చేసినాడంటారని ఆయనకు ఒకటే భయం. ఆ భయంతో ప్రతి అనుమానమూ అవతలి జట్టుకే ఇచ్చేవాడు. అవతలి గీతకు వజ్రకరూరు మేడమ్, ఇవతలి గీతకు నేను. జెండా దొరకలేదు. నా ఎర్ర టవాలును చేతికిచ్చి, “ఆఫ్‌సైడ్ అయితే దీన్ని పైకెత్తు, నేను ఊదుతా,” అన్నాడు.

మొదటి పది నిమిషాలు నేను చాలా హుందాగా ఉరికినాను. ఆ తర్వాత సంగతులు వరుసగా గుర్తు లేవు. బంతి అటు పోయేది, నేను అటు బయలుదేరేదాన్ని. నేను చేరేసరికి అది ఇటు వచ్చేది. బంతికి నా మీద ఏదో పగ ఉన్నట్టుంది. వాన వల్ల మన్ను చెప్పులకు అంటుకొని ఒక్కో కాలు ఒక్కో రోకలంత బరువైంది. రెండో సగానికి ఒకటి-ఒకటి. నా పుస్తకంలో ఉన్న అలసట అప్పుడు కళ్ళెదుట కనిపించడం మొదలైంది. మేస్త్రి పాసులు గజం తక్కువ పడుతున్నాయి, పరుగు తర్వాత చేతులు మోకాళ్ళ మీదికి పోతున్నాయి. రెండు మ్యాచ్‌ల్లో ఎప్పుడూ పోలేదు. పొద్దున నా గోడకు పూసింది ఇప్పుడు తక్కువ పడుతోందని నాకు తెలుసు. నా గ్రాఫు బాగుపడుతోంది, పిల్లలు పాడవుతున్నారు. సంతోషించాలో ఏడవాలో తేల్చుకునేంత ఊపిరి కూడా నాకు లేదు.

చివరి నిమిషాల్లో మేస్త్రికి బంతి దొరికింది. ఎక్కడ దాచుకుందో ఆ కాస్త సత్తువ, ఇద్దరిని దాటుకొని పోయి ముందున్న పిల్లకు ఇచ్చింది, ఆ పిల్ల కొట్టింది, గోల్. గ్రౌండంతా ఒకటే కేక. అప్పుడు నేనెక్కడున్నానంటే, వాళ్ళకు సగం మైదానం వెనక, గీత పక్కన నడుం వంచుకొని, ప్రపంచం పచ్చగా కనిపిస్తుంటే కళ్ళలోకి కారుతున్న చెమట తుడుచుకుందామని చేతిలో ఉన్నదాన్ని మొహం దాకా ఎత్తినాను.

విజిల్ మోగింది.

“ఆఫ్‌సైడ్! జెండా లేసింది!” అన్నాడు డ్రిల్ సార్, ఎంతో ఊరటగా.

కేకలన్నీ ఆగిపోయినాయి. నేను టవాలు మొహం మీంచి తీసి చూస్తే, ఇరవై రెండు మంది నన్నే చూస్తున్నారు. వజ్రకరూరు పిల్లలు కూడా తలలెత్తినారు.

“సార్, జెండా కాదు సార్! మొహం తుడుచుకున్నాను!”

“తుడుచుకునేదానికి అదే సమయం దొరికిందా?”

“చెమట సార్!”

“ఊదేసినా కదమ్మా. ఊదిన విజిల్‌ను మళ్ళీ లోపలికి పీల్చుకోమంటావా? మన పిల్లోళ్ళకు గోల్ ఇచ్చుకున్నానంటారు. ఆడండి, ఆడండి!”

మ్యాచ్ డ్రా. కప్పు చెరి ఆర్నెల్లు. నాణెం ఎగరేస్తే మొదటి ఆర్నెల్లు వజ్రకరూరుకు పోయింది. మా పిల్లలు వరుసగా నా ముందు నుంచి నడిచిపోయినారు. మేస్త్రి మాత్రం ఆగింది. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది.

“టెస్టు పెట్టక్కా.”

“వద్దులేమ్మా. మీరు పోయి తినండి.”

“మాట ఇచ్చినాం. పెట్టు.”

పెట్టినాను. ఆ పిల్లలు ఎట్లా ఉరికినారంటే, గీత దాటినాక కూడా నా వైపు చూడకుండా పోయినారు. గోడను ఎగిరి కొట్టిన దెబ్బలకు పెచ్చులు రాలినాయి. కోపం అనేది ఒకటుంటుందనీ, అది అలసటను ముప్పై మీటర్ల దాకా మింగేస్తుందనీ మా సిలబస్‌లో లేదు. పదకొండు మందీ పొద్దున కంటే వేగంగా ఉరికినారు. మిగిలింది నేను. ముప్పై మీటర్లు పోవడానికి నాకు పట్టిన సమయాన్ని మేస్త్రి గడియారంలో చూసి, గడియారాన్ని ఒకసారి తట్టి, మళ్ళీ చూసింది. గోడ దగ్గర ఇంకా విచిత్రం. నేను ఎగిరి పెట్టిన గుర్తు, నిలబడి పెట్టిన గుర్తు కంటే కిందుంది. ఎగరడానికని మోకాళ్ళు వంచినాను, వంచినవి మళ్ళీ లేవలేదు, అంతే. వెనక నుంచి పదకొండు మందీ ఒక్కసారిగా నవ్వినారు. ఆ రోజు నాకు దక్కింది ఆ నవ్వొక్కటే.

కల్పించి రాద్దామా అని ఒక పూటంతా ఆలోచించినాను. అంకెలు మార్చడం కష్టమేమీ కాదు. కానీ నాణెం పడినప్పుడు మేస్త్రి మొహం ఎట్లుందో చూసినదాన్ని, ఆ పైన ఆమె ఉరికిన ఉరుకును అబద్ధంగా రాయడానికి చెయ్యి ఆడలేదు. ఉన్నది ఉన్నట్టు రాసినాను. ముందు దాచుకుంటారనీ, బోరు సంగతీ, తర్వాత బజ్జీ, ఆ తర్వాత కోపం.

వైవాకు బయటి నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వచ్చినారు. పేజీలు తిప్పుతూ పోయి ఒకచోట ఆగినారు.

“దీంట్లో ఒక్క మనిషికే సామర్థ్యం తగ్గింది. పన్నెండో వ్యక్తి, వయసు ఇరవై మూడు. చిన్న వయసు క్రీడాకారులని పేరు పెట్టి ఈమెను ఎందుకు చేర్చినావమ్మా?”

“ఆమె తప్ప ఎవరూ అలిసిపోలేదు సార్.”

“ఎవరామె?”

గైడ్ సార్ పైకి ఫ్యాను వైపు చూసినారు.

“నేనే సార్.”

ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తర్వాత వెనక్కు తిప్పి, బోరు గురించి రాసిన పేజీ ఇంకోసారి చదివి, “ఈ మాట ఎవరిది?” అన్నారు. కెప్టెన్‌దని చెప్పినాను. “మొత్తంలో ఇదొక్క పేజీ ప్రాజెక్టు మాదిరి ఉంది,” అని, పాసవడానికి ఎన్ని మార్కులు కావాలో గైడ్ సార్‌ను అడిగి, సరిగ్గా అన్నే వేసినారు.

కాగితం చేతికొచ్చిన రోజు నేను ఇంటికి పోకుండా ముందు కంబదూరు బస్సెక్కినాను. పిల్లలు గ్రౌండులోనే ఉన్నారు. నన్ను చూసి ఆట ఆపినారు గానీ ఎవరూ దగ్గరికి రాలేదు. సంచీలోంచి కాగితం తీసి మేస్త్రికి చూపించినాను. మన్ను చేతులు గౌనుకు తుడుచుకొని అందుకొని, పై నుంచి కింది దాకా చదివింది.

“పాసా?”

“పాసే.”

“గోల్ పోయినందుకు పాసన్నా అయితివి,” అని, కాగితం మడిచి నా సంచీలో తనే పెట్టి, సంచీని నా భుజం మీంచి తీసి పక్కన పెట్టింది. “మా కీపర్ ఊరికి పోయిందక్కా. పోయి గోల్‌లో నిలబడు.”

నిలబడినాను. పదకొండో మనిషి లేదు కాబట్టి పది మందీ వరుసగా నిలబడి, ఒక్కొక్కరే వచ్చి కొట్టినారు. ఎంత ప్రేమతో కొట్టినారంటే, ఒక్కో బంతీ నా చెవి పక్కనుంచి గాలి మోసుకొని పోయింది. మొదటివాళ్ళు పళ్ళు బిగించి కొట్టినారు, నడిమివాళ్ళు నవ్వుతూ కొట్టినారు, చివరి బంతి మేస్త్రిది. కొట్టే ముందు ఆగి, “ఎర్ర టవాలు తేల్యా కదక్కా?” అని అడిగి మరీ కొట్టింది.

ఇన్నేళ్ళ తర్వాత, రోజుకు నాలుగు పీరియడ్లు విజిల్ ఊదే ఈ మేడమ్‌కు ఆ పొద్దు కంబదూరు గోల్‌లో చేతులు చాపి నిలబడిన అమ్మాయి అప్పుడప్పుడూ కనిపిస్తుంటుంది. వాళ్ళ మనసు చల్లబడాలని కావాలనే పది బంతులనూ వదిలేసినానని అందరికీ చెప్తుంటాను. నిజానికి పదింటినీ ఆపాలని చాలా గట్టిగా ప్రయత్నించినాను.